స్కాటిష్ కంట్రీ డాన్స్: ఏ టీచరు దగ్గర చేరాలి?

ఎడిన్‌బరోలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో వారానికి మూడు స్కాటిష్ కంట్రీ డాన్స్ క్లాసులు జరుగుతాయి. మూడూ చర్చి హాళ్లలోనే, రాత్రి ఏడున్నరకే. నేర్పే డాన్సులు అవే, ఫీజు కూడా ఇంచుమించు ఒకటే. మొదటి ఏడాది సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా మూడింటికీ వెళ్లాను. జనవరి నుంచి ఒకదాంట్లో కుదురుకున్నాను. ఈ ఊరికో, గ్లాస్గోకో, ఆబర్డీన్‌కో కొత్తగా వచ్చిన మనవాళ్లు "మాకూ నేర్చుకోవాలని ఉంది, ఏ క్లాసు మంచిది?" అని అడుగుతుంటారు. టీచరు ఎవరో కనుక్కోండి, మిగతావన్నీ తర్వాత అంటాను. ఒకరి దగ్గర మూడు వారాల్లో నా కాలు కుదిరింది. ఇంకొకరి దగ్గర రెండు నెలలైనా సెట్టులో నిలబడగానే టెన్షన్ పట్టుకునేది.

ముందుగా మీకు కావాల్సింది ఇదేనా అన్నది తేల్చుకోండి. పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో అందరూ కలిసి ఆడే కేలీ డాన్సు వేరు. అక్కడ మైకు పట్టుకున్నవాళ్లు చెబుతూనే ఉంటారు, మనం గే గోర్డన్స్, స్ట్రిప్ ద విల్లో లాంటివి ఆడేస్తాం, ఎవరి అడుగు ఎలా పడిందో ఎవరూ పట్టించుకోరు. పోటీల్లో ఒంటరిగా, నేల మీద పెట్టిన కత్తుల మధ్య ఎగరడం లాంటివి చేసే హైలాండ్ డాన్సు వేరు. కంట్రీ డాన్సులో ఎక్కువగా నాలుగు జతలు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడతాయి. దాన్ని సెట్టు అంటారు. మొదటి జత డాన్సును రెండుసార్లు చేసి చివరికి వెళ్తుంది, అప్పుడు రెండో జత వంతు. నాలుగు జతల వంతూ పూర్తయ్యేసరికి ఎనిమిది సార్లు, ఒక్కోసారికి తరచుగా 32 బార్ల సంగీతం (బారు అంటే తాళంలో ఒక చిన్న ఆవృత్తి). రీలు, జిగ్గు అనే వేగమైన డాన్సులైతే మొత్తం సుమారు నాలుగున్నర నిమిషాలు. స్ట్రాత్‌స్పే అనే రకం నెమ్మదిగా సాగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు పడుతుంది.

చిన్నప్పుడు కోలాటం ఆడినవాళ్లకు ఇందులో సగం తెలిసిన విషయమే. ఎదుటివాళ్ల కర్ర ఎప్పుడు వచ్చి తగులుతుందో ఒంటికి తెలిసినట్టే, ఇక్కడ ఎదుటివాళ్ల చెయ్యి ఎప్పుడు అందుతుందో ఒంటికి తెలియాలి. మా ఊళ్లో కోలాటం నేర్పిన పంతులుగారు పెద్దగా వివరించేవారు కాదు. తాళం వేస్తూ కోపు పట్టించేవారు, ఎవరైనా తప్పితే ఆపి మొదటి నుంచి ఎత్తుకునేవారు. ఎన్నిసార్లు ఆపినా ఆయన ముఖంలో విసుగు కనిపించేది కాదు. ఆ అలవాటు వల్లేమో, ఇక్కడి టీచర్లలోనూ నేను ముందుగా చూసింది అదే. సెట్టు చెదిరిపోయాక ఏం చేస్తారు? మీరూ దాన్నే చూడండి. డాన్సు సాఫీగా సాగినంతసేపు అందరూ మంచి టీచర్లే.

టీచరుకు సర్టిఫికెట్ ఉందా అని చాలామంది అడుగుతారు కాబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పాత డాన్సులు మరుగున పడిపోతున్నాయని, గ్లాస్గోలో వ్యాయామ విద్య చెప్పే జీన్ మిలిగన్, ఆవిడతో పాటు ఇజొబెల్ స్టూవర్ట్ కలిసి 1923లో స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ పెట్టించారు. మరుసటి ఏడాది 12 డాన్సులతో మొదటి పుస్తకం వచ్చింది. 1951లో రాజుగారి అనుమతితో పేరు ముందు రాయల్ చేరింది. స్టెప్పు ఎలా వేయాలి, చెయ్యి ఎంత ఎత్తులో ఇవ్వాలి, ఏ కదలిక ఏ బారులో ముగియాలి అన్నవి వాళ్లు ఒక పద్ధతిలో పెట్టారు. అందువల్లే ఇవాళ టోక్యోలో నేర్చుకున్నవాళ్లు ఎడిన్‌బరో సెట్టులో నేరుగా వచ్చి కలిసిపోగలుగుతున్నారు. ఆ సొసైటీ టీచింగ్ సర్టిఫికెట్ రెండు భాగాలుగా, మొత్తం ఐదు యూనిట్లుగా ఉంటుంది. రాత పరీక్ష రాయాలి, పరీక్షకుల ముందు స్వయంగా డాన్సు చేయాలి, వాళ్లు చూస్తుండగా నిజమైన క్లాసుకు పాఠం చెప్పాలి. పరీక్ష అంటే నాకు గౌరవమే. కానీ పాఠం చెప్పడం వచ్చని అది నిరూపిస్తుంది, అంతే. ఓపిక ఉందో లేదో మనమే వెళ్లి చూసుకోవాలి.

నేను చేరిన మొదటి క్లాసు టీచరు సర్టిఫికెట్ రెండు భాగాలూ పూర్తిచేసిన ఆవిడ. ప్రతి వారం మొదటి 20 నిమిషాలు డాన్సు ఊసే ఉండదు. హాలు చుట్టూ వలయంగా తిరుగుతూ స్కిప్ చేంజ్ అనే అడుగు, తర్వాత ఒకచోట నిలబడి వేసే పా ద బాస్క్ అనే అడుగు, ఆ తర్వాత స్ట్రాత్‌స్పే అడుగు. రెండో వారం నా పా ద బాస్క్ ఎంతకీ కుదరలేదు. టీ విరామంలో ఆవిడ నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి కుర్చీ వీపు పట్టుకోమన్నారు. తను నేల మీద మోకాళ్లు వంచి నా పాదం పక్కన కూర్చున్నారు. కుడికాలి మీదికి మెత్తగా దిగాలి. ఎడమ మడమ వచ్చి కుడిపాదం లోపలి వంపులో ఆనాలి. ఆ ఎడమకాలి మునివేళ్ల మీద ఒక దెబ్బ, మళ్లీ కుడికాలితో ఒక దెబ్బ, చివర ఎడమకాలు ఏటవాలుగా ముందుకు చాచాలి. నేను మడమను వంపులోకి తేకుండా బొటనవేలి పక్కన వేస్తున్నాను. ఆవిడ నా కుడిపాదం వంపు దగ్గర చూపుడువేలు ఆనించి "ఇక్కడికి" అన్నారు. నా మడమ ఆ వేలికి తగిలేదాకా పదిసార్లో పన్నెండుసార్లో చేయించారు, వేలు మాత్రం తీయలేదు. లేచేసరికి ఆవిడ టీ చల్లారిపోయింది. ఆ స్టెప్పు నేను మళ్లీ తప్పలేదు.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది. రెండు గంటల్లో ఐదు డాన్సులకు మించి జరగవు. రోజంతా ఆఫీసులో కూర్చుని, నాలుగు డాన్సులు ఆడి చెమట పట్టించుకుని ఇంటికి పోదామని వచ్చినవాళ్లకు ఆ 20 నిమిషాలు భారంగా ఉంటాయి. నాతో పాటు చేరిన ఒక జంట అక్టోబరులోనే మానేశారు. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్లకు కావాల్సింది పక్క హాల్లో దొరికింది.

ఆ పక్క హాలు ఒక పెద్దాయనది. డెబ్బై దాటిన మనిషి, నలభై ఏళ్లకు పైగా ఆడుతున్నారు, సర్టిఫికెట్ లేదు. ఒక్క సాయంత్రం పది డాన్సులు. నోటితో గబగబా చెప్పేస్తారు, ఒకసారి నడిపిస్తారు, వెంటనే సంగీతం. ఆయన దగ్గర ఉన్నది కథల సంపద. రీల్ ఆఫ్ ద 51స్ట్ డివిజన్ నేర్పిన రోజు ముందు అందర్నీ కూర్చోబెట్టారు. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సాన్ వాలెరీ దగ్గర 51వ హైలాండ్ డివిజన్ సైనికులు జర్మన్లకు పట్టుబడ్డారు. వాళ్లలో కొందరు బవేరియాలోని లౌఫెన్ శిబిరంలో బందీలుగా ఉంటూ ఈ డాన్సు కట్టారు. మధ్యలో ఆడేవాళ్లు మూలల్లో ఉన్నవాళ్లకు చేతులు చాచి ఏటవాలు గీతలుగా నిలబడతారు. పైనుంచి చూస్తే అది స్కాట్లాండ్ జెండా మీది శిలువ. ఆ మాట విన్నాక సెట్టులో చేతులు చాచినప్పుడు నా పక్కనున్న ఆవిడ చెయ్యి ఒక్కసారి బిగుసుకోవడం నాకు తెలిసింది. అడుగులు ఎంత బాగా నేర్పినా మొదటి టీచరు దగ్గర ఆ క్షణం నాకు దొరికేది కాదు.

కానీ ఆయన దగ్గర తప్పుకు మందు లేదు. రీల్ ఆఫ్ త్రీ అంటే ముగ్గురు ఒకరి వెంట ఒకరు 8 అంకె దారిలో తిరగాలి. నేను చివర్లలో వంపు తిరగకుండా అడ్డంగా కోసేసి అందరికంటే ముందే వచ్చి నిలబడేదాన్ని. "పరవాలేదు, సాగిపోండి" అనేవారు నవ్వుతూ. ఆయన మనసు మంచిదే. కానీ ఎక్కడ తప్పుతున్నానో చెప్పేవారు కాదు కాబట్టి రెండు నెలలు అదే తప్పు చేస్తూ పోయాను, నా వల్ల మిగతా ఇద్దరూ మధ్యలో గుద్దుకునేవాళ్లు. చివరికి దాన్ని సరిచేసింది మొదటి టీచరే. ముగ్గుర్ని నిలబెట్టి, రెండు కుర్చీలు పెట్టి, కుర్చీ చుట్టూ పూర్తిగా తిరిగి రమ్మన్నారు. కుర్చీలు తీసేశాక కూడా అవి ఉన్నట్టే తిరగమన్నారు. ఐదు నిమిషాల పని.

మూడో క్లాసుకు ఒకే టీచరంటూ లేరు. కమిటీలోని నలుగురు వంతులవారీగా చెబుతారు. పాతవాళ్లకు ఇది బాగుంటుంది, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కిటుకు దొరుకుతుంది. కొత్తవాళ్లను మాత్రం అక్కడికి పంపను. ఈ వారం ఒకరు చెయ్యి భుజం ఎత్తులో ఇవ్వమంటారు, వచ్చే వారం ఇంకొకరు దాని ఊసే ఎత్తరు. మీకు పోయినసారి ఏది రాలేదో గుర్తుంచుకునే మనిషి అక్కడ ఉండరు.

మూడు క్లాసులనూ ఒకే డాన్సులో పోల్చి చూసే అవకాశం అనుకోకుండా వచ్చింది. ఆ నవంబరులో మూడు క్లాసుల్లోనూ హామిల్టన్ హౌస్ అనే జిగ్గు నేర్పారు. అందులో మొదటి స్త్రీ రెండో పురుషుడికి ఎదురుగా సెట్ చేస్తుంది, అంటే అక్కడే నిలబడి స్టెప్పు వేస్తుంది. కానీ చెయ్యి పట్టుకుని తిరిగేది మూడో పురుషుడితో. కొత్తవాళ్లు నూటికి నూరుపాళ్లూ సెట్ చేసిన మనిషి చెయ్యే పట్టుకుంటారు. మొదటి టీచరు సంగీతం ఆపి ఆ ఎనిమిది బార్లు మాత్రమే నాలుగుసార్లు నడిపించారు, తప్పినవాళ్లను "మీరు ఇప్పుడు ఎవర్ని తిప్పాలి?" అని అడిగి వాళ్ల నోటితోనే చెప్పించారు. పెద్దాయన మాత్రం ఒకే ముక్కలో తేల్చేశారు. "ఆవిడ రెండో ఆయన్ని ఊరిస్తుంది, మూడో ఆయనతో వెళ్లిపోతుంది." హాలంతా నవ్వింది, ఆ రాత్రి ఒక్కరూ తప్పలేదు. ఈ ఒక్క డాన్సు విషయంలో ఆయనదే పైచేయి, ఒప్పుకుంటాను. మూడో చోట ఆ వారం వంతు వచ్చిన మనిషి స్టేజీ మీద నుంచి మైకులోనే అరిచారు, "మూడో సెట్టులో ఎర్ర చొక్కా ఆయన, మీరే, తప్పు మనిషి!" అని. ఎర్ర చొక్కా ఆయనకు అరవై ఏళ్లుంటాయి, అది ఆయనకు రెండో రాత్రి. డాన్సు పూర్తిచేశారు, టీ తాగారు, పక్కవాళ్లకు గుడ్‌నైట్ చెప్పి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

అందుకే మొదటి రాత్రి వెళ్లినప్పుడు బాగా ఆడేవాళ్లను చూడకండి. ఆ హాల్లో అందరికంటే తడబడుతున్న మనిషి ఎవరో గుర్తుపట్టి, రెండు గంటలూ టీచరు ఆ మనిషితో ఎలా ఉన్నారో చూడండి. రేపు ఆ స్థానంలో ఉండేది మీరే. ఆ మనిషికి తోడుగా అనుభవం ఉన్నవాళ్లను ఇచ్చారా? మొదటి జతగా నిలబెట్టకుండా మూడో, నాలుగో స్థానంలో ఉంచారా? మూడు జతలే కదిలే డాన్సుల్లో నాలుగో జతకు మొదట కాసేపు చూసే వీలు దొరుకుతుంది, తెలిసిన టీచర్లు కొత్తవాళ్లను కావాలనే అక్కడ పెడతారు. తప్పు జరిగితే పేరు పెట్టకుండా అందరికీ కలిపి మళ్లీ నడిపించారా? ఈ మూడూ ఉంటే సర్టిఫికెట్ లేకపోయినా చేరిపోవచ్చు.

ఇంకో తేడా మొదట్లో అర్థం కాదు, కొన్ని నెలలు గడిచాక తెలుస్తుంది. డాన్సు సాగుతున్నంతసేపూ టీచరు పైనుంచి "ఇప్పుడు క్రాస్, ఇప్పుడు కాస్ట్" అని, అంటే ఎదుటి వరుసకు దాటమని, వరుస వెనక నుంచి తిరిగి వెళ్లమని, చెబుతూ ఉంటే కొత్తవాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ బాల్ అనే పెద్ద సభలకు వెళ్తే అక్కడ డాన్సుకు ముందు క్లుప్తంగా ఒకసారి చదువుతారు, సంగీతం మొదలయ్యాక ఎవరూ ఏమీ చెప్పరు. ఎప్పుడూ చెబుతూ ఉండే టీచరు దగ్గర నేర్చుకున్నవాళ్లు అక్కడ దిక్కుతోచక నిలబడిపోవడం చూశాను. మా టీచరు, అంటే ఆ మొదటి క్లాసు ఆవిడ, మొదటిసారి అంతా గట్టిగా చెబుతారు, రెండోసారి ఒక్కో కదలికకు ఒక్క మాట, మూడోసారి నుంచి పెదవి విప్పరు. చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తుంటారు. ఆ మౌనంలో నేను నేర్చుకున్నంత మాటల్లో నేర్చుకోలేదు.

పియానో వాయించేవాళ్లు క్లాసులో ఉంటే అది పెద్ద అదృష్టం. టీచరు తల ఊపితే చాలు, అదే ఎనిమిది బార్లు కావాల్సినంత నెమ్మదిగా వస్తాయి. రికార్డుతో కూడా నేర్చుకోవచ్చు, కాకపోతే స్ట్రాత్‌స్పేలో ఆ ఎత్తుపల్లాలు, మొదటి స్వరం చటుక్కున తెగి రెండోది సాగడం, మనిషి వాయిస్తుంటే ఒంటికి తొందరగా పడుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల చూసుకోండి. చెక్క నేల కాకుండా రాతి మీదో కాంక్రీటు మీదో పలుచగా ఏదో పరిచిన హాలైతే ఎంత మంచి టీచరైనా వద్దు. స్టెప్పులు మొదలయ్యే ముందు "ఎవరికైనా నొప్పులున్నాయా, ఎగరకుండా నడుస్తూ చేయవచ్చు" అని అడిగే టీచరు దొరికితే వదులుకోకండి.

భార్యాభర్తలు కలిసి వెళ్తే ఒక మాట. ఇక్కడ ప్రతి డాన్సుకు జత మారడం మర్యాద. మన ఇళ్లలో కొందరికి ఇది మొదట ఇబ్బందిగా అనిపిస్తుంది, నాకూ మా ఆయనకూ అనిపించింది. మొదటి రాత్రే ఆ సంగతి విడమరిచి చెప్పి, ఇద్దరికీ చెరో పాత మనిషిని జత చేసిన టీచరు దగ్గర ఆ ఇబ్బంది వారంలో పోయింది. చెప్పని చోట మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మూలన నిలబడి, ఎవరూ పిలవడం లేదేమని అనుకుంటూ ఉండిపోయాం. ఇద్దరు కొత్తవాళ్లు ఒకే జతగా ఉంటే ఇద్దరూ నేర్చుకోరు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు భయపడక్కర్లేదు, మగవాళ్ల వైపు నిలబడి ఆడే ఆడవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. కొన్నిచోట్ల ఇప్పుడు ఆడ, మగ అనకుండా ఎడమవైపు, కుడివైపు అనే చెబుతున్నారు.

ఇక ఎవరికి ఎవరు? మీకు నృత్యం కొత్తయితే, లేదా కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుని అడుగు శుద్ధిగా పడకపోతే నిద్రపట్టని మనిషైతే, స్టెప్పులకు సమయం ఇచ్చే మొదటి తరహా టీచరు దగ్గరికే వెళ్లండి. ఒక సీజన్ ఓపిక పట్టండి. ఊరికి కొత్త, నలుగురు పరిచయం కావాలి, కాలు ఎలా పడినా పరవాలేదు అనుకుంటే పెద్దాయన లాంటివారి హాలు మీకు ఇల్లయిపోతుంది. ఆయన దగ్గర టీ విరామం కూడా అరగంట నడుస్తుంది. పిల్లలతో వెళ్లాలనుకుంటే పెద్దల క్లాసులో కూర్చోబెట్టకండి, పిల్లల క్లాసు విడిగా నడిపే టీచర్ని వెతకండి. రెండు మూడేళ్లు ఆడాక సెయింట్ ఆండ్రూస్‌లో 1927 నుంచి వేసవిలో నడుస్తున్న సమ్మర్ స్కూలుకు ఒక వారం వెళ్లి రండి. అక్కడ రోజుకో కొత్త పద్ధతి చూశాక మీ టీచరు విలువ మీకే తెలుస్తుంది.

నేను మంగళవారాలు మొదటి టీచరు దగ్గరే ఉంటాను. అడుగు కుదిరాక, రెండో ఏడాది నుంచి నెలకోసారి పెద్దాయన హాలుకూ వెళ్తున్నాను. ఇప్పుడు ఆయన వేగం నాకు భయం కాదు, పండగ. ఇదే వరసను తిరగేసి వెళ్లినవాళ్లు చాలామంది మధ్యలో మానేశారు.

చాలా క్లాసులు సెప్టెంబరులో మొదలై మే దాకా నడుస్తాయి. ఆగస్టులోనే రెండు మూడు చోట్లకు మెయిల్ రాయండి. కొత్తవాళ్లకు ఎవరు చెబుతారు, సీజనంతా వాళ్లేనా, మొదటి రాత్రి ఊరికే కూర్చుని చూడవచ్చా అని అడగండి. చూడనివ్వని చోట చేరకండి. గిల్లీలు అనే లేసుల నల్ల తోలు బూట్లు అప్పుడే కొనవద్దు, అడుగు పలుచగా మెత్తగా ఉన్న బూట్లు ఏవైనా క్రిస్మస్ దాకా సరిపోతాయి. వెంట ఒక మంచినీళ్ల సీసా పెట్టుకోండి, రీలు అయ్యాక కావాలి.